చుప్‌చాప్ డాక్టర్

సూరత్ యువతరం ఆరోగ్య యాప్‌ల నుంచి ఏం కోరుకుంటోందో కనిపెట్టడానికి ఒక కంపెనీ ఏసీ గదిలో ఆరు నెలలు శ్రమించింది. యువతకు అన్నిటికన్నా ముందు కావలసింది గోప్యత అని తేలింది. వైద్యం సంగతి నివేదికలో రెండో పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంది. ఆ విధంగా ‘చుప్‌చాప్ డాక్టర్’ అనే యాప్ జనహితార్థం విడుదలైంది.

ఆ ఊళ్లో తెలంగాణ నుంచి వచ్చిన నేతపనివాళ్లుండే గోడాదరా వాడలోని ఫణికి అచ్చం ఇలాంటిదే కావాలి. ఇరవై నాలుగేళ్లవాడు. ఆరేళ్లుగా పన్నెండు పవర్‌లూమ్‌ల మధ్య నిలబడి చీరల గుడ్డ నేస్తున్నాడు. మగ్గాలు అతని కుడిచెవి వినికిడిని తమ దగ్గరే ఉంచేసుకున్నాయి. ఈ సంగతి ఎదురింటి ధర్మరాజుకు తెలియకూడదు. ఆయన కూతురు చాందినితో ఫణికి వచ్చే నెలలో పెళ్లి. పిల్లవాడికి ఏ లోపమూ ఉండకూడదని ధర్మరాజు పెట్టింది ఒకటే షరతు. పాపం, ఫణికి తిండి సయించడం లేదు.

సెలవు రోజున గది తలుపు గడియ పెట్టి యాప్ తెరిచాడు. మీ రహస్యం గాలికి కూడా తెలియనివ్వమని యాప్ మూడుసార్లు ప్రమాణం చేసి, మూడుసార్లు ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కించుకుని, తెలుగు డాక్టరమ్మను ఫోన్‌లో కలిపింది. ఆవిడ సన్నని మాట ఫణికి ఎడమచెవిలోనూ సరిగా వినపడలేదు. స్పీకర్ పెట్టాడు. అయినా వినపడలేదు. బతుకమ్మ పాటల కోసం వాడకట్టంతా కలిసి కొన్న పెద్ద సౌండ్ బాక్సు అతని గదిలోనే ఉంది. ఫోన్‌ను దానికి కలిపి, తన బాధంతా చెప్పుకున్నాడు.

“మీ వివరాలు పరమ గోప్యం!” అని వీధి దద్దరిల్లేలా డాక్టరమ్మ హామీ ఇచ్చింది. “మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే కుడిచెవి దాదాపు పోయినట్టే ఫణిగారూ! ఆ చప్పుడు నుంచి కాపాడుకోకపోతే ఎడమది కూడా పోతుంది!”

వీధంతా విన్నదేమోనని ఫణి తలుపు ఓరగా తీసి చూశాడు. ఎదురుగా ధర్మరాజు మంచం మీద కూర్చుని పల్లికాయ ఒలుచుకుంటున్నాడు.

“ఏంది బిడ్డా, గిప్పుడు లేశినవా? నీ అర్రల చప్పుడే లేదు!”

ముప్పై ఏళ్లు మగ్గాల మీద పనిచేసిన మనిషి. ఆ వరసలో ఇరుగుపొరుగంతా ఆ పనివాళ్లే. యాప్ ఇచ్చిన మాట నిలబెట్టుకుందని ఒప్పుకుని తీరాలి.

ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించే చాందినికి మాత్రం చెవులు బాగానే ఉన్నాయి. సాయంత్రం నల్లా దగ్గర ఆమె ఫణి ఎడమ పక్కకు వచ్చి నిలబడింది.

“మొత్తం విన్న. నాయినకు చెప్ప. చెప్పినా ఆయనకు వినవడది తియ్యి. లగ్గం గురించి ఫికర్ చెయ్యకు. గా మిగిలిన చెవన్న జర కాపాడుకో. సేఠ్‌ను అడుగు.”

ఫణికి ఏడుపొచ్చినంత పనైంది. మర్నాడే మగ్గాల షెడ్డు యజమాని సేఠ్‌కు, డాక్టరమ్మ యాప్‌లో పంపిన చీటీ ఫోన్‌లో చూపించి, పనివాళ్లందరికీ చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇప్పించమన్నాడు.

సేఠ్ కరిగిపోయాడు. తన షెడ్డు కూడా డిజిటల్ అయిందని తెలిసి ఆయన ఆనందానికి హద్దు లేకపోయింది. వెంటనే యాప్ కంపెనీవారిని పిలిపించి మగ్గాల నడుమే సభ ఏర్పాటు చేశాడు. ఉత్పత్తికి నష్టం రాకూడదు గనక మగ్గాలు ఆపలేదు.

కంపెనీ పెద్దమనిషి అరగంట ఉపన్యసించాడు. “యువత గొంతు మేము విన్నాం! వాళ్లకేం కావాలో వాళ్ల నోటనే తెలుసుకున్నాం!” అన్నాడని తర్వాత తెలిసింది. పెదవులు ఆగడం చూసి కార్మికులు చప్పట్లు కొట్టారు. అప్పుడు ఫణి రెండు చేతులూ పైకెత్తి, బిరడాల సంగతేమిటని గొంతు చించుకుని అడిగాడు. వేదిక మీది పెద్దలు చిరునవ్వుతో తలలూపారు.

ఉపన్యాసం ఫొటోతో సహా పేపర్లో వచ్చింది. చేతులెత్తి అరుస్తున్న ఫణి బొమ్మ కింద ‘యువ కార్మికుడి హర్షాతిరేకం’ అని రాశారు. అది చదివి మనమూ ఎంతో సంతోషించాం. మనలో ఒక్కరమూ ఏనాడూ మగ్గం దగ్గర నిలబడినవాళ్లం కాదు, మన చెవులకు ఏ జబ్బూ లేదు.