నొప్పికి ముందు ఐదు నక్షత్రాలు

పళ్ల ఆస్పత్రి యాప్‌లో తారీఖు ఎంచుకునే పెట్టె ఒకటి అమర్చవలసిందిగా ఆఫీసులో ఉత్తర్వు వెలువడింది. ఆ మహత్కార్యాన్ని అందరూ ‘కొత్త పెళ్లికూతురు’ అని పిలిచే ఇంజనీరు చేతిలో పెట్టారు. పెళ్లయి నలభై రోజులు. పొద్దున భర్త తన చెప్పులు తిన్నగా పెట్టాడన్న సంగతి తలచుకుని మధ్యాహ్నం దాకా నవ్వుకోగల మనిషి. అలాంటి వాళ్లకు పని అప్పజెప్పడంలోనే యాజమాన్యం దూరదృష్టి తెలుస్తుంది.

పని చిన్నదే. రోగి తారీఖు నొక్కాలి, అది ఆస్పత్రికి చేరాలి. కానీ యాప్ ఒక్కసారి రాసి రెండు రకాల ఫోన్లలోనూ కంప్యూటర్లోనూ నడిపించాలన్నది సంస్థ సిద్ధాంతం. యాప్‌కి పుట్టుకతో వచ్చిన తారీఖు పెట్టె ఒక ఫోన్లో చక్రంలా తిరుగుతుంది, ఇంకో ఫోన్లో క్యాలెండరులా పరుచుకుంటుంది, కంప్యూటర్లో అలిగినట్టు ఓ మూల కూర్చుంటుంది. మూడు చోట్లా ఒకేలా లేకపోతే పంటినొప్పి తగ్గదని మేనేజరు సారు అభిప్రాయం. కనుక బయటి కంపెనీ తయారుచేసిన, తెర మీద నొక్కుకునే, తిప్పుకునే కంట్రోల్స్ కట్ట ఒకటి తెచ్చి ప్రాజెక్టులో కలపాలని తీర్మానించారు.

గురువారం ఆస్పత్రి డాక్టరుగారు యాప్ చూసి సరేనంటే, శుక్రవారం నుంచి ఆమెకు నాలుగు రోజులు సెలవు. భర్తతో కలిసి సముద్రం చూడ్డానికి. ఆ ప్రయాణం ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. సర్దిన సంచి విప్పడానికి మనసొప్పక, అందులోంచే బట్టలు తీసి ఆఫీసుకు వేసుకొస్తోంది.

కట్ట విప్పితే తారీఖు పెట్టె ఒక్కటే కాదు, నూట అరవై కంట్రోల్స్ బయటపడ్డాయి. సూది గడియారాలు, సంతకాల పలకలు, తిరిగే బొమ్మలు, వెలిగే నక్షత్రాలు. కొత్త కాపురానికి గిన్నెలు సర్దుకున్నంత మురిపెంగా ఒక్కొక్కటీ తీసి చూసుకుంది. ప్యాకేజీ కలిపింది. పేజీ మొదట్లో దాని పేరు రాసింది. యాప్ మొదలయ్యే చోట, వీళ్లు మనవాళ్లే, లోపలికి రానివ్వండి అని చెప్పే ఒక్క లైను మాత్రం మరిచిపోయింది. రెండు రోజులు తెర తెల్లగా ఉండిపోయింది. సారు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, చాలాసేపు చూసి, హుందాగా ఉందన్నారు.

మూడోరోజు ఆ లైను దొరికింది. తారీఖు పెట్టె ప్రత్యక్షమైంది. అక్కడితో ఆపి ఉంటే ఈ కథ లేదు. సారు అందరినీ నిలబెట్టి ఇలా సెలవిచ్చారు: “చూడమ్మా, నూట అరవై తెచ్చుకుని ఒకటే వాడితే మిగతా నూట యాభై తొమ్మిదికీ మనం ఏం సమాధానం చెబుతాం? రోగి కేవలం తారీఖు కోసం రాడు. అనుభూతి కోసం వస్తాడు.”

నూట యాభై తొమ్మిదికీ సమాధానం చెప్పే బాధ్యత ఆమె భుజాన వేసుకుంది. అబద్ధమెందుకు, ఇష్టంగానే వేసుకుంది. నొప్పి ఎంతుందో చూపడానికి కారు స్పీడు గడియారం లాంటిది పెట్టింది. ఏ పన్నో చెప్పడానికి తిరిగే రంగులరాట్నం పెట్టింది. పన్ను పీకించుకుంటానని వేలితో సంతకం. చివరికి చోటు చాలక, చికిత్స తర్వాత అడగాల్సిన ఐదు నక్షత్రాలను తారీఖు పెట్టెకు పైన అతికించింది. అక్కడే బాగున్నాయి మరి. వాటి కోడు ఆ కంపెనీ వాళ్ల నమూనా పేజీలోంచి ఉన్నదున్నట్టు దించుకుంది. ఐదూ వెలిగితే గాని తర్వాతి పెట్టె తెరుచుకోకూడదన్న షరతు అందులో ఉంది. ఆ లైను మీద కన్ను పడాల్సిన క్షణంలో, ఉప్పు డబ్బా మూత దొరికిందని భర్త మెసేజ్ పెట్టాడు. ఆ ఆనందంలో ఆమె షరతుతో సహా పంపేసింది.

గురువారం ఆస్పత్రిలో పన్నెండుమంది రోగుల చేత యాప్ వాడించారు. పన్నెండుమందీ, ఇంకా కుర్చీ ఎక్కకముందే, నోరు తెరవకముందే ఐదు నక్షత్రాలిచ్చారు. ఇరవై ఏళ్లలో తనను ఇంత బాగా అర్థం చేసుకున్న రోగులు లేరని డాక్టరుగారు పొంగిపోయారు. సెలవు మంజూరైంది.

ఆఫీసుకు తిరిగొచ్చి కోడు చూసుకుంటే ఆ షరతు కనబడింది. పరుగున వెళ్లి సారుకు ఒప్పేసుకుంది. ఒక్క లైను, ఐదు నిమిషాల్లో తీసేస్తానంది. ఆయన తలుపు వేసి మెల్లగా అన్నారు: “తీసెయ్యి. తీసేస్తే డాక్టరుగారు మళ్లీ చూడాలి, అంటే వచ్చే గురువారం. సముద్రం ఎక్కడికి పోతుందిలే.”

సముద్రం ఎక్కడికీ పోకపోవచ్చు గాని, సంచిలో బట్టలు అయిపోవచ్చాయి. ఆమె అంతరాత్మతో దీర్ఘంగా, సుమారు ఒక నిమిషంపాటు, చర్చించి సెలవు కాగితం తీసుకుంది.

శుక్రవారం పొద్దున భర్త కుడిబుగ్గ బూరెలా లేచింది. బస్సు పదకొండింటికి. ఇద్దరూ సంచితో సహా ఆస్పత్రికి పరుగెత్తారు. కౌంటరులో అమ్మాయి తలెత్తకుండా, అంతా యాప్‌లోనేనంది. ఆయన బల్ల మీద కూర్చుని సూదిని ఎరుపు దాకా జరిపాడు, రాట్నం తిప్పాడు, వేలితో సంతకం చేశాడు, నక్షత్రాల దగ్గర ఆగిపోయాడు. వృత్తిరీత్యా లెక్కల మాస్టారు. బాగా ఆలోచించి రెండు వెలిగించాడు. ఏమీ తెరుచుకోలేదు.

“ఐదూ నొక్కండి,” అంది ఆమె, మొహం ఎటో పెట్టుకుని.

“ఇంకా వైద్యమే చెయ్యలేదు కదే. రాయని పేపరుకు మార్కులెలా వేస్తాను? ఆ రెండూ మీ ఆఫీసు యాప్ కదా అని నీ మొహం చూసి వేసినవే.”

“ఏవండీ, బస్సు...”

“అసలు ఏ బుద్ధిమంతుడు పెట్టాడిది?”

ఆమె చేతిలో సంచి ఒకసారి నేల మీద పెట్టి, మళ్లీ ఎత్తుకుంది. పక్కన దవడకు తుండుగుడ్డ కట్టుకున్న పెద్దావిడ ఇటు జరిగి, ఆయన మోకాలు తట్టింది.

“కొత్తా బాబూ? ముందు ఐదూ నొక్కెయ్యి, ఆ తర్వాతే నొప్పి సంగతి. ఎక్కడైనా అంతేగా.”

బల్ల మీదున్న వాచిన బుగ్గలన్నీ అవునన్నట్టు ఊగాయి. ఇక కొత్త పెళ్లికూతురు తట్టుకోలేకపోయింది. సెలవు పోతే పోయిందని లేచి నిలబడి, అది పద్ధతి కాదండీ, నేను చేసిన తప్పు, ఇప్పుడే వెళ్లి తీసేస్తానని అందరి ముందూ చెప్పేసింది.

పెద్దావిడ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత మాస్టారి వైపు తిరిగి, జాలిగా అంది: “కొత్తగా పెళ్లయినట్టుంది, నీమీద ప్రేమతో ఏదో అంటోంది పాపం. ఇంత చదువుకుని ఈ యాప్ చేసినవాళ్లు తప్పు చేస్తారా నాయనా? నువ్వు నొక్కు.”

మాస్టారు ఐదూ నొక్కాడు. తారీఖు పెట్టె తెరుచుకుంది. మొదటి ఖాళీ వచ్చే మంగళవారం.