పగటిపూట బ్రహ్మకమలం

ఆ సోమవారం ఉదయం లక్ష్మీకాంత్ కాఫీ తాగుతూ ఒక పథకం వేసుకున్నాడు. ఆదివారంలోగా బ్రహ్మకమలాన్ని పగటిపూట పూయించి అత్తగారికి చూపించాలి. అతను సత్తెనపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాడు. కాబట్టి ఇది తన పనేనని అనుకున్నాడు.

అత్తగారు వెంకటరావమ్మది వినుకొండ దగ్గర పల్లె. పత్తి చేలో పెరిగిన మనిషి. దీపాలు పెట్టే వేళకు అన్నం తినేసి పడుకుంటుంది, కోడి కంటే ముందు లేస్తుంది. కొన్నేళ్ల కిందట ఆమే రెండు బ్రహ్మకమలం ఆకులు తెచ్చి, ఒకటి కూతురింట్లో కుండీలో, ఒకటి గోడ అవతల ఖుర్షిదా పెరట్లో నాటింది. నిరుడు కుండీలో మొక్క మొదటిసారి పూసింది. ఆ పువ్వు రాత్రి విచ్చుకుంటుంది, తెల్లారేసరికి వాడిపోతుంది. పూసిన రాత్రి ఇరుగుపొరుగును పిలిచి హారతి ఇవ్వడం అక్కడి అలవాటు. వీధంతా వచ్చింది. అప్పుడు కూతురింటికే వచ్చి ఉన్న వెంకటరావమ్మను మాత్రం ఎవరూ లేపలేకపోయారు. "ఆఁ, వస్తున్నా" అని ఆమె అటు తిరిగి పడుకుంది. పొద్దున వేలాడుతున్న పువ్వును చూసి ఆ పూట అన్నం ముట్టలేదు.

ఈ ఏడు కంట్లో శుక్లం తీయించుకుని కూతురి దగ్గరే ఉంది. కుండీలో మొక్క మళ్లీ మొగ్గ వేసింది. ఆదివారం ఆమె చిన్నకొడుకు దగ్గరికి వేటపాలెం వెళ్లిపోవాలి.

"కొత్త కళ్లతో చూద్దామనుకున్నా. నాకు రాసిపెట్టి లేదులే" అంది మొగ్గను చూస్తూ.

"మీరు లేవక్కర్లేదు అత్తయ్యా. పువ్వే మీ టైముకి పూస్తుంది" అన్నాడు లక్ష్మీకాంత్. "క్రిప్టోక్రోమ్ అని ఒక ప్రోటీన్ ఉంది."

"పురుగుమందు పేరులా ఉందే. ఎకరానికి ఎంత కొట్టాలి?"

"కొట్టేది కాదు. ఆకులోనే ఉంటుంది. నీలం వెలుగు పడితే తెల్లారిందని మొక్కకు కబురు పెడుతుంది. మొక్కలు నీలం వెలుగును గుర్తుపడతాయని శాస్త్రవేత్తలకు ఎప్పటినుంచో తెలుసు. దేనితో గుర్తుపడతాయో చాలాకాలం దొరకలేదు. ఈగలో ఉంది, పక్షి కంట్లో ఉంది. మనలోనూ ఉంది. కాకపోతే మనలో అది వెలుగును పట్టే పని చెయ్యదు, ఒంట్లో గడియారాన్ని నడిపించే చక్రాల్లో ఒకటిగా ఉంటుంది."

"మరి పువ్వుకీ నాకూ మధ్య ఏంటి బాబూ?"

"రాత్రి దానికి నీలం వెలుగు పెడతాను. పగలు చీకట్లో ఉంచుతాను. దానికి రాత్రీ పగలూ తారుమారవుతాయి. మీరు టిఫిన్ తిని చూడొచ్చు."

పెళ్లిపందిళ్లకు లైట్లు కట్టే షాపుకు వెళ్లి నీలం ట్యూబులు అద్దెకు తెచ్చాడు. "పెళ్లెవరికి సార్?" అని షాపతను అడిగితే, "మొక్కకి తెల్లారాలి" అన్నాడు. షాపతను అడ్వాన్సు పెంచాడు.

పగలు చీకటిగా ఉండే గది ఆ ఇంట్లో బాత్రూమ్ ఒక్కటే. కిటికీకి గోనెపట్టా కొట్టి, కుండీని లోపల పెట్టాడు. పగటిపూట ఆ తలుపు ఎవరూ తెరవకూడదన్నాడు.

"మరి మా స్నానాలు?" అంది భార్య అఖిల.

"సూర్యుడు రాకముందు కానిచ్చెయ్యండి."

రాత్రి కుండీని వరండాలోకి తెచ్చి, పైన ట్యూబులు వెలిగించాడు. తన మొక్కకు తానే కాపలా ఉంటానని వెంకటరావమ్మ నులకమంచం దాని పక్కనే వేయించుకుంది.

మర్నాడు పొద్దున వరండా నిండా రెక్కల పురుగులు. ఊరి చుట్టూ ఉన్న పత్తి చేలల్లోంచి ఆ వెలుగుకు వచ్చి పడ్డాయి. అఖిల చీపురుతో చేటలోకి ఎత్తింది.

"చూశావా, పురుగుక్కూడా ఉంది!" అన్నాడు లక్ష్మీకాంత్ చేటలోకి వంగి.

"మీరూ ఒక చీపురు పట్టుకోండి, మీకూ ఉందో లేదో తెలుస్తుంది."

ఆ మర్నాడు గోడ అవతలి ఖుర్షిదా భర్త ఇమాం హుస్సేన్ ఆకులో ఏదో చుట్టుకుని వచ్చాడు. అతనికి బస్టాండు దగ్గర టీ కొట్టుంది. ఇంట్లో గడియారం లేదు. బ్యాటరీ అయిపోతే గడియారం ఆగుతుంది, కోడికి ఆ గొడవ లేదంటాడు.

"సార్, మీ ఇంట్లో ఏ టైముకి తెల్లారుద్ది?"

"ఏమైంది?"

"రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కున్నానో లేదో, మా కోడి కూసింది. పోయి పొయ్యి వెలిగించా. బస్సు లేదు, మనిషి లేడు. పాలు మరిగీ మరిగీ ఇదైంది." ఆకు విప్పాడు. కోవా.

"కోడిక్కూడా!" అన్నాడు లక్ష్మీకాంత్. "నీలం వెలుగు గోడ దాటి గంప మీద పడుతోంది. గంప మీద ఏదన్నా కప్పు హుస్సేన్."

"కప్పా సార్. లోపల్నుంచి కూస్తోంది. దానికి పొద్దు ఎప్పుడో దానికే తెలీట్లేదు. మా ఖుర్షిదా రాత్రంతా మేలుకునే ఉంటోంది."

కోవా తిన్న అఖిల బాగుందంది. మర్నాటి నుంచి హుస్సేన్ కొట్టులో టీతోపాటు కోవా కూడా దొరికింది.

గురువారానికి అఖిల స్నానానికి తన స్నేహితురాలి ఇంటికి వెళ్లింది. లక్ష్మీకాంత్ స్నానం లేకుండా కాలేజీకి వెళ్లాడు. స్టాఫ్ రూములో అతని పక్క కుర్చీ ఖాళీగా ఉండటం అతను గమనించలేదు. మొగ్గ ఉబ్బిన తీరు చూసి రోజు లెక్కేసుకుని, శనివారం పొద్దున అందరూ తమ ఇంటికి రావాలని పిలవడంలో మునిగి ఉన్నాడు.

"ఏవండీ, అమ్మ పగలంతా పడుకునే ఉంటోంది" అంది అఖిల.

"ఆపరేషన్ అయింది కదా. రెస్టు మంచిది."

శనివారం బాత్రూమ్ తలుపు సందులోంచి వాసన వచ్చింది. లక్ష్మీకాంత్ తలుపు తెరిచాడు. మొగ్గ విచ్చుకుంటోంది. కుండీని హాల్లోకి తెచ్చి పెట్టాడు. ప్రిన్సిపాల్ వచ్చాడు, లెక్చరర్లు వచ్చారు, వీధి వచ్చింది. పట్టపగలు బ్రహ్మకమలం పూర్తిగా విచ్చుకుంది. జనం చప్పట్లు కొట్టారు. అఖిల హారతి పళ్లెంలో కర్పూరం పెట్టింది.

"అత్తయ్యా! రండి, పూసింది!"

వెంకటరావమ్మ వరండాలో గురక పెడుతోంది. అఖిల భుజం పట్టి కుదిపింది. ప్రిన్సిపాల్ దగ్గాడు. లక్ష్మీకాంత్ ఆమె చెవి దగ్గర గిన్నె మీద గరిటతో కొట్టాడు.

"ఆఁ, వస్తున్నా" అని అటు తిరిగింది.

కర్పూరం ఆరిపోయింది. జనం టిఫిన్ తిని వెళ్లిపోయారు. సాయంత్రానికి పువ్వు వేలాడింది.

దీపాలు పెట్టే వేళకు వెంకటరావమ్మ లేచి, మొహం కడుక్కుని, కాఫీ అడిగింది. లక్ష్మీకాంత్ ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"అత్తయ్యా, తప్పు నాదే. మిమ్మల్ని ఆ వెలుగు కింద పడుకోనిచ్చాను. పువ్వుకి తిప్పినట్టే మీకూ తిప్పేశాను. మళ్లీ చూడలేకపోయారు."

"చూడకపోవడమేంటి? రాత్రి చూశానుగా."

"ఎక్కడ?"

"ఖుర్షిదా వాళ్ల పెరట్లో. నీ వెలుగు పడని వెనక మూల చీకట్లో నా మొక్క దాని పద్ధతిలో అది పూసింది. నాకేమో నిద్ర పట్టదు, కోడి గోలకి ఆ పిల్లకీ పట్టదు. గోడ మీంచి పిలిచింది. ఎంత పువ్వనుకున్నావు! హుస్సేన్ వేడివేడి కోవా పెట్టాడు." కాఫీ తాగి గ్లాసు కింద పెట్టింది. "నీ పుణ్యమే బాబూ."

"మరి నాకు చెప్పలేదేం?"

"లేపా. 'ఆఁ, వస్తున్నా' అని అటు తిరిగావు."

లక్ష్మీకాంత్ ట్యూబులు విప్పి షాపుకి తిరిగిచ్చేశాడు. మర్నాడు పొద్దున వేటపాలెం మీదుగా ఒంగోలు వెళ్లే బస్సెక్కిన వెంకటరావమ్మ, ఒంగోలులోనే నిద్ర లేచింది.