నలభై మూడు తప్పులూ, ఒక బీరువా

బావమరిది ఇల్లు మారుతున్నాడు. సంతోషించాల్సిన విషయమే. కొత్త ఇల్లు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. అదీ ఎలాగోలా సర్దుకోదగ్గదే. కానీ బావమరిదికి ఒక ఇనప బీరువా ఉంది.

రెండేళ్ల కిందట ఇదే బీరువాని ఇంకో ఇంటికి చేరుస్తూ, "బావా, మీరు ఆ కింది వైపు కాస్త పట్టండి" అన్నాడతను. ఆ 'కాస్త' పుణ్యమా అని బావగారు పదిహేను రోజులు మంచం మీద బోర్లా పడుకుని ప్రపంచాన్ని దిండు ఎత్తు నుంచి చూశాడు. అప్పట్నుంచీ మనసులో అతన్ని బీరువా బామ్మర్ది అనే పిలుచుకుంటున్నాడు.

ఈ బావగారు కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తాడు. ఏ పనైనా ఇవాళ కాదు రేపంటాడు కాబట్టి ఆఫీసులో అతన్ని వాయిదాల రాయుడంటారు. భార్య ఆస్పత్రిలో హెడ్ నర్సు. ఆవిడ గొంతు వినబడితే వార్డులో జ్వరాలు కూడా లేచి నిలబడతాయని చెప్పుకుంటారు. శనివారం పదింటికి బయల్దేరాలని ఆవిడ ముందురోజే చెప్పేసింది. ఆవిడ మొహం మీద "నేను రాను" అనడం రాయుడి వల్ల కాదు. అందుకని రాలేని పరిస్థితి ఒకటి తయారుచేయడానికి తొమ్మిదింటికి కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

అతని ప్రోగ్రామంతా అతని సొంతం కాదు. ఎవరెవరో రాసిపెట్టిన రెడీమేడ్ ముక్కలు, వాటినే లైబ్రరీలంటారు, అరవై దాకా తెచ్చుకుని వాటి మీద తన పని నిలబెట్టాడు. ఒక్కోదానికీ ఒక వెర్షన్ నంబరు. నాలుగో వెర్షన్‌తో చక్కగా కాపురం చేసేది అయిదో వెర్షన్ మొహం కూడా చూడదు. ఈ నంబర్లన్నీ ఒక జాబితాలో ఉంటాయి. వాటిలో ఒక్కటి తేడా వచ్చినా చాలు, ప్రోగ్రాము కంపైల్ కాదు, అంటే నడిచే రూపంలోకి రాదు.

రాయుడు ఒకచోట నాలుగు తీసి అయిదు పెట్టాడు. మీట నొక్కాడు. తెరంతా ఎర్రబడింది. నలభై మూడు తప్పులు! ఇంత అందమైన ఎరుపు తన సర్వీసులో చూడలేదనుకున్నాడు.

"ఏమండీ, ఇంకా తయారవలేదా?"

"తయారవడం కూడానా! ఇలా వచ్చి చూడు, కొంప మునిగింది."

"అమ్మో, ఇన్నా!"

"ఒక్కొక్కటే విప్పుకుంటూ రావాలి. సాయంత్రం దాకా ఈ కుర్చీలోంచి లేవలేను. మీ తమ్ముడు ఏమనుకుంటాడో పాపం" అని గొంతు బరువు చేసుకున్నాడు.

ఆవిడ కళ్లలో జాలి కనబడింది. ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది. ఆవిడ బయల్దేరగానే నంబరు మళ్లీ నాలుగు చేసేసి నడుం వాల్చాలని రాయుడి పథకం.

సరిగ్గా అప్పుడే మేనేజరమ్మ ఫోను చేసింది. "సోమవారం వస్తామన్న కస్టమర్లు ఇవాళే చూస్తారట. నాలుగింటికల్లా పంపించండి. ఇది కూడా వాయిదా వేశారో, ఈ ప్రాజెక్టు ఇంకొకరికి ఇచ్చేస్తాను."

రాయుడు కంగారుపడలేదు. అయిదు తీసి నాలుగు పెట్టి, మీట నొక్కి, కాలు మీద కాలేసుకున్నాడు.

నూట పదిహేడు తప్పులు.

కాలు దానంతటదే దిగింది. జరిగిందేమిటంటే, అయిదు పెట్టినప్పుడు కంప్యూటరు మర్యాదగా దాని చుట్టాలైన మరో ఆరు లైబ్రరీలని కూడా పై వెర్షన్లకి ఎక్కించేసింది. ఇప్పుడు ఈ నాలుగు ఒక్కటే పాతది, ఆ చుట్టాలన్నీ కొత్తవి. ఒకదాన్ని బుజ్జగిస్తే ఇంకొకటి అలిగింది. పదకొండయ్యేసరికి తప్పులు రెండు వందల ఆరు.

అప్పుడు గుర్తొచ్చింది. చేసిన ప్రతి మార్పూ ప్రోగ్రాము చరిత్రలో టైముతో సహా నమోదై ఉంటుంది. అది తెరిచి నిన్నటి స్థితికి పొమ్మంటే ఒక్క నిమిషంలో పోతుంది. 'ఇంత తెలివి పెట్టుకుని ఇంతసేపు ఏడ్చానే' అనుకుంటూ చెయ్యి చాపాడు.

వెనక భార్య అడుగుల చప్పుడు వినబడి, చాపిన చెయ్యి గాల్లోనే ఆగింది. పదకొండేళ్ల అలవాటు. ఏ మార్పు చేసినా ఎందుకు చేశాడో ఒక వాక్యం రాసి దాచడం వేళ్లకి పట్టేసింది. పొద్దున కూడా రాశాడు, నిజాయితీగా, విడమరిచి. చరిత్ర తెరిస్తే మొట్టమొదట కనబడేది అదే.

ఇంతలో పక్కన కుర్చీ పడింది. అందులో భార్య కూర్చుంది.

"నువ్వు వెళ్లలేదూ?"

"మిమ్మల్ని ఈ స్థితిలో వదిలేసా? ఇల్లు మారడం సాయంత్రానికి వాయిదా వేయించాను. తమ్ముడు కూడా వస్తున్నాడు, మీకు తోడుగా. ఊఁ, ఇప్పుడు చెప్పండి. ఎప్పుడు మొదలైంది?"

"పొద్దున్నే."

"మొదలవడానికి ముందు ఏమిచ్చారు?"

"ఏమీ ఇవ్వలేదు. దానంతటదే..."

"పద్దెనిమిదేళ్లలో నా వార్డుకి దానంతటదే విరిగిన కాలు ఒక్కటీ రాలేదు. అసలు జబ్బేమిటి?"

"రెండు లైబ్రరీలు. విడిగా రెండూ మంచివే. కలిపితే పడదు."

"ఓస్, మందులకీ అంతేగా! కొత్తగా కలిపింది తీసేస్తే సరి. కేసు షీటు లేదా దీనికి?"

లేదనడానికి రాయుడికి వృత్తి గౌరవం అడ్డొచ్చింది, ఉందనడానికి భయం.

"కాస్త టీ పెట్టుకురావూ" అన్నాడు. ఆవిడ ఫ్లాస్కు చూపించింది. "పక్కింటివాళ్లు పిలుస్తున్నట్టున్నారు" అన్నాడు. వాళ్లు ఊళ్లో లేరంది. మధ్యాహ్నం బీరువా బామ్మర్ది వచ్చి రెండో పక్కన కూర్చున్నాడు. "బెంగ పడకండి బావా, మేమున్నాంగా" అంటూ వీపు నిమిరాడు. ఇద్దరి మధ్యా ఇరుక్కుని రాయుడు మూడున్నర దాకా నంబర్లు మారుస్తూనే ఉన్నాడు. తప్పులు మూడు వందలు దాటాయి.

మళ్లీ మేనేజరమ్మ ఫోను. ఈసారి భార్యే తీసింది. "నాలుగింటికి వచ్చేస్తుందండీ, నాది పూచీ" అని పెట్టేసి, భర్త వైపు తిరిగింది. "తెరవండి ఆ కేసు షీటు."

ప్రాజెక్టు పోవడమా, పరువు పోవడమా? రాయుడు కళ్లు మూసుకుని చరిత్ర తెరిచాడు.

బామ్మర్ది పాపం మంచి మనసుతో పైకి చదివాడు. "తొమ్మిదీ పది. వెర్షన్ అయిదుకి మార్చాను. అవసరం లేదు. బామ్మర్ది బీరువా మొయ్యకుండా... తప్పించుకోవడానికి. వాళ్లు... వెళ్లగానే..." అక్కడితో చదవడం ఆపి బావ వైపు తిరిగాడు.



"ముందు రోగిని బతికించండి" అంది భార్య, వార్డు గొంతుతో. "పంచాయితీ తర్వాత."

రాయుడు నిన్నటి స్థితిని ఎంచుకుని మీట నొక్కాడు. ఎరుపంతా మాయమైంది. నాలుగుకి పన్నెండు నిమిషాల ముందు ప్రోగ్రాము వెళ్లిపోయింది. మేనేజరమ్మ నుంచి "భేష్" అని జవాబొచ్చింది. దాన్ని చూసి సంతోషించే ధైర్యం ఎవరికీ లేదు.

"బావా" అన్నాడు బామ్మర్ది నెమ్మదిగా, "మిమ్మల్ని బీరువా ముట్టుకోనివ్వొద్దని అక్క నాతో ఒట్టేయించుకుంది. నలుగురు మనుషుల్ని కూడా అక్కే మాట్లాడింది. అక్కడ కుర్చీ వేసుకుని తాళంచెవులు పట్టుకోవడమే మీ పని."

రాయుడికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "నాకు ముందే చెప్పలేదేం?" అన్నాడు భార్యతో.

"చెబితే, నా నడుముకేం తక్కువని మీరే ముందు పరిగెత్తుకెళ్లి పట్టుకుంటారేమోనని భయపడ్డాను" అంది ఆవిడ. గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది. తిట్టినా బాగుండేదనిపించింది రాయుడికి.

"పోనీ, ఆ నలుగురూ సాయంత్రం వస్తారుగా?"

"పొద్దున ఖాళీ అన్నారు. వాయిదా అనగానే వేరే పని ఒప్పుకున్నారు" అంటూ బామ్మర్ది చొక్కా చేతులు మడుచుకున్నాడు.

ఆరింటికి రెండో అంతస్తు మలుపులో బీరువా నిట్టనిలువుగా ఆగింది. పైన బామ్మర్ది, కింద రాయుడు. వెనక ఒక మెట్టు దిగువన భార్య, "నడుం వంచకండి, మోకాళ్లు వంచండి" అంటూ అతని వెన్నుకి చెయ్యి ఆనించి నిలబడింది.

"ఇంకొక్కసారి వాళ్లని అడిగి చూడకపోయావా?" అన్నాడు రాయుడు రొప్పుతూ.

"అడిగాను. పొద్దున ఎందుకు వద్దన్నారమ్మా అన్నారు. ఏం చెప్పమంటారు?"

రాయుడు చేతులు మార్చి పట్టుకుని, ఇంకో మెట్టు ఎక్కాడు.