గ్రాముకు ఎంత పడుతుంది?

రుచి అనే దురలవాటు మా ఇంటిని వదిలిపోయి నేటికి ఇరవై రెండు రోజులు. మీ ఇంట్లో ఇంకా ఉందా? అయ్యో పాపం!

ఈ ఘనత మా వారిది. ఎవరో డాక్టరు వాళ్ల ఆఫీసుకొచ్చి ప్రొటీన్ మీద ఉపన్యాసం ఇచ్చారట. ఆ సాయంత్రమే మా ఫ్రిజ్ తలుపు మీదికి ఒక చార్టు ఎక్కింది. పదార్థం, కిలో ధర, అందులోని ప్రొటీన్, గ్రాము ప్రొటీన్‌కు పడే ఖర్చు. సోయా ముక్కలకు ఫస్టు ర్యాంకు. సెనగలూ పల్లీలూ దాని వెనకే. గుడ్డు పర్వాలేదు. బాదంపప్పు ఫెయిల్!

ఇంత జ్ఞానం కళ్లెదుట వేలాడుతుండగా ఇంకా నాలుకను నమ్ముకుని బతకడం అనాగరికం కాదూ?

పైగా ఎంత క్రమశిక్షణ! అమ్మాయి ఐస్‌క్రీమ్ అడిగితే ఈయన కసరనే కసరరు. "గ్రాముకు ఎంత పడుతుందో లెక్కేసి పట్రా, కొనిస్తా" అంటారు. అది లెక్కేసి, ఏడ్చి, లెక్కల్లో మార్కులు పెంచుకుంది. చూసిపోదామని వచ్చిన ఆడపడుచుకు నేను టీ పెట్టబోతే, "టీలో ఏముందే పిచ్చిదానా" అని ఆవిడ చేతిలో గుప్పెడు సెనగలు పోశారు. ఆవిడ మళ్లీ రాలేదు. ఎంత పొదుపు!

అత్తగారు మాత్రం కంచం పక్కన తూకం మిషను చూసి, "ఏరా, నన్ను భోజనానికి పిలిచావా, అమ్మకానికి పెట్టావా?" అన్నారు.

"మాట్లాడకమ్మా, నీకింకా పదకొండు గ్రాములు తక్కువ."

నా లాభాలు కూడా వినండి. సెనగలు నానబోసి ఉడకబెట్టాలి. పల్లీలు వేయించి, పొట్టు చెరిగి, పొడి కొట్టాలి. సోయాను వేడినీళ్లలో వేసి పిండాలి, కడగాలి, వాసన పోయేదాకా మళ్లీ పిండాలి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా లైబ్రరీలో కూర్చుని నవలలు చదివే చెడ్డ అలవాటొకటి నాకుండేది. అదీ వదిలింది!

అంతటి చార్టుకు ఒక్క గడి చేర్చమన్నాను. 'చేసేందుకు పట్టే టైము' అని.

"దానికి ఖర్చేముందే? ఇంట్లోనే ఉంటావుగా!" అన్నారు.

నిజమే కదా! శాస్త్రంతో వాదించకూడదు. అందుకే ఆదివారం చార్టును తు.చ. తప్పకుండా అమలు చేశాను. అత్తగారికీ అమ్మాయికీ ముందే వండిపెట్టేశాను, వాళ్లకు శాస్త్రం తెలియదు. ఈయన కంచంలో మాత్రం సోయా ముక్కలు యాభై గ్రాములు, సెనగలు ముప్పై, పల్లీలు ఇరవై, ఒక గుడ్డు. మిషను మీద తూచే పెట్టాను.

ఆయన ఒక సెనగ గింజ కొరికి, దవడ పట్టుకున్నారు.

"ఇవి పచ్చివి కదే! గుడ్డు కూడా పెంకుతోనే ఉంది!"

"వండమని చార్టులో ఎక్కడా లేదండీ" అని చెప్పులు వేసుకున్నాను. రెండు కావస్తోంది మరి.