పెద్దాయనకి మాత్రమే

సోమవారం పొద్దున్న ఏడింటికల్లా ప్రూఫ్ రీడరు వంటగట్టు మీద ఏడు డబ్బాలు వరసగా పేర్చి, రెండడుగులు వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాడు. ఒక్కో డబ్బాలో ఎముకలతో సహా మెత్తగా కొట్టించిన కోడిమాంసం, నాలుగు లివరు ముక్కలు, గుప్పెడు క్యారెట్ తురుము, చిటికెడు గుడ్డుపెంకు పొడి. అన్నీ పచ్చివే. నెల రోజులు పుస్తకాలు తిరగేసి, పశువుల డాక్టరమ్మని నాలుగుసార్లు విసిగించి, ఆవిడ సరేనన్నాక మొదలుపెట్టిన భోజనం ఇది. తినేది ఆ ఇంట్లో పన్నెండేళ్లుగా ఉంటున్న కుక్క. రెండు వారాలకే ఫలితం కనిపించింది. సోఫా దిగడానికి బద్ధకించే జీవి మేడమెట్లు ఎక్కుతోంది.

ఆ కుక్కకి ఒకప్పుడు వేరే పేరుండేది. వయసు మీదపడి, బుగ్గలు జారి, నడక నెమ్మదించి, కూర్చున్నా లేచినా ఒక నిట్టూర్పు విడవడం మొదలెట్టాక, అది అచ్చం తమ ప్రెస్సు యజమానిలా ఉందని ప్రూఫ్ రీడరుకి తోచింది. ప్రెస్సులో యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఇంట్లో కుక్క కూడా పెద్దాయన అయిపోయింది. ఈ రహస్యం మాత్రం డాక్టరమ్మకి తప్ప బయటెవరికీ తెలియదు.

"ఏవండీ, ఫ్రిజ్ చప్పుడు ఆగిపోయింది," అంది భార్య.

"మంచిదేగా. రోజంతా ఒకటే గోల."

"మంచిదే. లోపల్నుంచి నీళ్ళు కూడా కారుతున్నాయి."

ప్రూఫ్ రీడరు గబుక్కున డబ్బాల వైపు తిరిగాడు. వారానికి సరిపడా భోజనం! మెకానిక్కు ఫోను చేస్తే రేపు వస్తానన్నాడు. అంతలోనే ఆయనకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"మా ప్రెస్సులో ఫ్రిజ్ ఉందిగా! పాలప్యాకెట్లు తప్ప దాంట్లో ఏమీ ఉండవు. అక్కడ పెట్టేస్తా."

"ఎవరైనా తినేస్తే?"

"పచ్చిమాంసం ఎవరు తింటారే? అయినా లేబుళ్ళు రాస్తాగా."

ఎర్రసిరా పెన్ను తీసి ఏడు చీటీల మీద గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'పెద్దాయనకి మాత్రమే. పచ్చిగానే పెట్టాలి. ఉడికించరాదు.' ఇరవయ్యేళ్లుగా ఇతరుల తప్పులు దిద్దుతున్న మనిషి. మూడుసార్లు చదువుకున్నాడు. ఒక్క అచ్చుతప్పు లేదు. తృప్తిగా అంటించాడు.

"సాయంత్రం దాన్ని డాక్టరమ్మ దగ్గర తూకం వేయించాలి. నాలుగింటికి ప్రెస్సుకే తీసుకొచ్చెయ్," అన్నాడు చెప్పులు వేసుకుంటూ. "ఆ టైముకి పెద్దాయన కూడా సంగతి తేల్చేస్తారు."

"ఏ పెద్దాయన?"

"మా పెద్దాయన! పాఠ్యపుస్తకాల పని మనకొచ్చింది. ప్రూఫ్ సెక్షన్‌కి హెడ్డు ఎవరో ఇవాళే చెప్తారు. ఈసారి నేనే అయ్యేలా ఉన్నాను."

ప్రెస్సులో టీగది అంటే కాగితం రీళ్ళ గోడౌనుకీ యజమాని గదికీ మధ్యనున్న చిన్న సందు. ఒక స్టవ్వు, ఒక ఫ్రిజ్, ఒక టీ అక్క. ప్రూఫ్ రీడరు వచ్చేసరికి ఆవిడ ఇంకా రాలేదు. ఆయన డబ్బాలు కింది అరలో సర్దేసి, తన బల్ల దగ్గరికెళ్ళి మూడో తరగతి సైన్సు పుస్తకంలో తలదూర్చాడు.

పదిన్నరకి టీ అక్క పాలకోసం ఫ్రిజ్ తెరిచింది. లేబుల్ చదివింది. ఆరునెలల కిందట డాక్టరు కొవ్వు తగ్గించమన్న దగ్గర్నుంచీ, యజమాని భార్య ఆయనకి రోజుకో పచ్చికూర తురిమి డబ్బాలో పంపిస్తోందని ఆవిడకి తెలుసు. డ్రైవరు తెచ్చి టీ అక్క చేతికే ఇస్తాడు. ఇవాళ నేరుగా ఫ్రిజ్‌లోనే పెట్టి పోయాడనుకుంది. పన్నెండున్నరకి ఒక డబ్బా, ఒక పళ్ళెం, ఒక స్పూను పెద్దాయన బల్లమీద పెట్టి వచ్చేసింది.

పెద్దాయన మూత తీశారు. ఎర్రగా, మెత్తగా, ముద్దగా ఉంది. వెంటనే భార్యకి ఫోను చేశారు.

"ఇవాళ డబ్బాలో ఎర్రగా ఉంది. ఏంటిది?"

"బీట్‌రూట్ తురుము."

"పచ్చిగా ఉందే!"

"పచ్చిదే తినాలి. మాట్లాడకుండా తినండి," అని ఆవిడ పెట్టేసింది.

పెద్దాయన స్పూను ముంచి వాసన చూశారు. ముక్కుపుటాలు అదిరాయి. ఈ వాసన బీట్‌రూట్‌ది కాదు. ఆరునెలలుగా కలలోకి వస్తున్న వాసన. ఆయనకి ఒక్కసారిగా అంతా అర్థమైపోయింది. భార్యకి తన మీద జాలి కలిగింది! కానీ ఆ మాట ఒప్పుకుంటే పంతం పోతుంది కాబట్టి, బీట్‌రూట్ అని పేరుపెట్టి పంపింది! ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డబ్బా చొక్కా చాటున దాచుకుని టీగదిలోకి వెళ్ళారు.

"అమ్మాయ్, ఈ బీట్‌రూట్ కాస్త వేయించి పెట్టు."

టీ అక్క డబ్బాలోకి చూసింది. ఆయన మొహంలోకి చూసింది.

"బీట్‌రూటేనాండీ?"

"బీట్‌రూటే."

"అర్థమైందండీ," అని కన్ను గీటి, రెండు ఉల్లిపాయలు తరిగి, మిరియాలు దంచి, పదిహేను నిమిషాలు ఎర్రగా వేయించింది. పెద్దాయన నిలబడే తిన్నారు. మధ్యమధ్య ఏదో కరకరమంటోంది. అయినా ఆగలేదు. రెండో డబ్బా కూడా వేయించమన్నారు. సగమయ్యాక భార్యకి మళ్ళీ ఫోను చేశారు.

"ఏమోయ్! ఇలాంటి బీట్‌రూట్ నా జన్మలో తినలేదు. నీ మనసు వెన్న. అంతే. ఇంకేం చెప్పను," అంటూ ముక్కు చీదుకుని పెట్టేశారు.

అవతల ఆవిడ ఫోనుకేసి అనుమానంగా చూసింది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఈ మనిషి ఏ కూరనీ మెచ్చుకోలేదు. అలాంటిది పచ్చి బీట్‌రూట్‌కి కన్నీళ్ళా? ఏదో జరుగుతోంది. డ్రైవరుని పిలిచి కారెక్కబోతే, వెనకసీటు మీద బీట్‌రూట్ డబ్బా పెట్టింది పెట్టినట్టే ఉంది.

మూడున్నరకి ప్రూఫ్ రీడరు, ఆవేళ్టి డబ్బా సిద్ధం చేసుకుందామని ఫ్రిజ్ తెరిచాడు. అయిదే ఉన్నాయి. స్టవ్వు పక్కన ఖాళీ డబ్బా ఒకటి, సగం ఖాళీదొకటి.

"అక్కా! వీటిలోది ఏమైంది?"

"పెద్దాయన తిన్నారుగా. నువ్వేనా తెచ్చింది? ఎంత మంచివాడివి తమ్ముడూ! ఏమాటకామాటే, వేయిస్తే భలే వాసనొచ్చింది."

ప్రూఫ్ రీడరు ఆలోచనలో పడ్డాడు. అది కుక్క తిండి అని చెప్పాలి. చెబితే, మరి పెద్దాయనకి అని ఎందుకు రాశావంటారు. దానికి జవాబు ఒక్కటే ఉంది. ఆ జవాబు చెప్పాక హెడ్డు పదవి మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగానికే నీళ్ళొదులుకోవాలి. చెప్పకపోతే మిగిలిన అయిదు కూడా ఆయనే తింటారు.

ఆలోచన తెగకముందే పెద్దాయన భార్య, ప్రెస్సువాళ్ళందరి అమ్మగారు, గాలివానలా వచ్చారు. నేరుగా టీగదిలోకి నడిచి, ఖాళీ డబ్బా ఎత్తి, లేబుల్ చదివారు. చప్పుడు విని పెద్దాయన తన గదిలోంచి బయటికొచ్చారు.

"ఈ ఎర్రసిరా ఎవరిది?" అన్నారు అమ్మగారు.

ఎవరూ నోరు విప్పనక్కర్లేకపోయింది. ఆ అక్షరాలు ప్రెస్సంతా ఎరుగుదురు. అందరి చూపులూ ప్రూఫ్ రీడరు మీద పడ్డాయి.

"ఏం నాయనా! డాక్టరు వద్దన్న మాంసం నాకు తెలియకుండా ఈయనకి చేరవేస్తున్నావా? ఎన్నాళ్ళ నుంచీ? హెడ్డు చెయ్యమనా?"

"అబ్బే, లేదండీ! అది పెద్దాయనకి కాదండీ. అంటే... పెద్దాయనకేనండీ. కానీ ఈ పెద్దాయనకి కాదు."

"మరి నువ్వు పంపలేదూ?" అని పెద్దాయన భార్యకేసి దీనంగా చూశారు. ఆయన మనసు విరిగిపోయింది.

సరిగ్గా అప్పుడే గోడౌను వైపు నుంచి ఒక ఆడగొంతు ఖంగుమంది. "పెద్దాయనా! ఆ కాగితం రీళ్ళ దగ్గర కాలెత్తావంటే వీపు పగలగొడతా! సిగ్గుందా నీకు? ఇంత వయసొచ్చింది!"

పెద్దాయన కొయ్యబారిపోయారు. ఆయనకి తెలిసి ఆయన ఎక్కడా కాలెత్తలేదు. మలుపు తిరిగి మొదట కుక్క వచ్చింది, వెనకాల ప్రూఫ్ రీడరు భార్య. కుక్క నేరుగా పెద్దాయన ముందుకెళ్ళి కూలబడి, ఆయన మొహంలోకి చూస్తూ నిట్టూర్చింది. పెద్దాయన కూడా నిట్టూర్చారు. రెండు జతల బుగ్గలూ ఒకేలా ఊగాయి.

అమ్మగారు ఒకసారి అటు చూశారు, ఒకసారి ఇటు చూశారు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు గానీ ఆ నవ్వు కొంగుకి ఆగేది కాదు.

పెద్దాయనకి మాత్రం నవ్వు రాలేదు. "అంటే నేను తిన్నది కుక్క భోజనమా?" అంటూ పొట్ట పట్టుకుని కుర్చీలో పడ్డారు. ప్రూఫ్ రీడరు పశువుల డాక్టరమ్మకి ఫోను కలిపి, అందరికీ వినపడేలా పెట్టాడు.

"డాక్టరమ్మా! పెద్దాయన డబ్బా వేయించుకుని తినేశారండీ!"

"వేయించారా? పచ్చిది పెట్టమన్నానుగా. సరేలే. అందులో ఇంకేమైనా వేశారా?"

"రెండు ఉల్లిపాయలు," అంది టీ అక్క పక్కనుంచి.

"ఉల్లిపాయలా! కొంప ముంచారు కదయ్యా! అది విషం! వెంటనే కక్కించండి!"

పెద్దాయన కళ్ళు తేలేశారు. అమ్మగారి నవ్వు ఎగిరిపోయింది. ఇప్పటిదాకా తిట్టిన మనిషే ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఏమండీ, ఏమండీ" అంటూ వీపు రుద్దసాగారు.

"ఎంత తిన్నాడు? బరువెంత?" అని ఫోను అరుస్తోంది.

"డబ్బాన్నర తిన్నారమ్మా. బరువు తొంభై ఆరు," అన్నారు అమ్మగారు ఏడుపు గొంతుతో.

డాక్టరమ్మ మళ్ళీ అడిగింది.

"కుక్క బరువు తొంభై ఆరా?"

"కుక్క కాదమ్మా, మా ఆయన!"

"ఓర్నాయనో! మనిషా? ముందే చెప్పరేం? ఉల్లిపాయ కుక్కలకే పడదు. మనుషులకి ఏమీ కాదు. మాంసం బాగా వేగిందా? అయితే నిక్షేపంగా ఉంటాడు." డాక్టరమ్మ ఊపిరి పీల్చుకుని, అలవాటు చొప్పున మిగతా సలహా కూడా చెప్పేసింది. "తొంభై ఆరంటే మాత్రం చాలా ఎక్కువ. రోజూ గంటసేపు నడిపించండి. మొరాయిస్తే బెల్టు పట్టి లాగండి."

"అలాగే డాక్టరమ్మా," అన్నారు అమ్మగారు శ్రద్ధగా.

అయిదు నిమిషాల తర్వాత పెద్దాయన ప్రూఫ్ రీడరుని తన గదిలోకి పిలిచి తలుపేశారు.

"కుక్కకి నా పేరు పెట్టావు. నిన్నివాళే ఇంటికి పంపెయ్యాలి."

"అవునండీ."

"పంపితే ఈ సంగతి ఊరంతా చెప్తావు."

"నేను చెప్పనండీ," అన్నాడు ప్రూఫ్ రీడరు తలొంచుకుని. "మా ఆవిడ సంగతి మాత్రం నా చేతుల్లో లేదండీ."

పెద్దాయన కిటికీలోంచి చూశారు. బయట ఆ ఇల్లాలు, అమ్మగారు, టీ అక్క ఒకరి భుజం మీద ఒకరు వాలి నవ్వుకుంటున్నారు. ఆయన కిటికీ తలుపు మూసి ఇటు తిరిగారు.

"రేపట్నుంచి హెడ్డువి నువ్వే. వెళ్ళి ముందు మీ ఆవిడకి చెప్పు. నెమ్మదిగా, నచ్చజెప్పి చెప్పు."

ఆ మర్నాటి నుంచి అమ్మగారి ఆజ్ఞ ప్రకారం, రోజూ సాయంత్రం అయిదింటికి యజమానీ కుక్కా కలిసి ప్రెస్సు చుట్టుపక్కల వీధులన్నీ నడిచి వస్తున్నారు. మూడో వీధి మొదట్లో అరుగు కనిపించగానే ఒకరు కూలబడి, ఇక కదలనని మొండికేస్తారు. కుక్క మాత్రం పక్కనే నిలబడి, ఆయన లేచేదాకా ఓపిగ్గా ఎదురుచూస్తుంది.