అతికించిన పేజీలు

సంఘస్థుల నైతిక ఆరోగ్యాన్ని దృష్టిలో పెట్టుకొని, బైబిలులో అభ్యంతరకరంగా ఉన్న భాగాలన్నిటి మీదా తెల్లకాగితం అతికించాలని చర్చి వారి నైతిక వ్యాఖ్యాన ఉపసంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. దేవుడు తొందరలో రాయించిన సంగతులను నింపాదిగా సవరించే భాగ్యం ఏ తరానికో గాని దక్కదు.

అతికించే పని చర్చి ఊడ్చే ఆయమ్మకు అప్పగించారు. ఆమెకు చదువు రాదు గనుక చెడిపోయే ప్రమాదం లేదని ఉపసంఘం అభిప్రాయం. ముప్ఫై ఏళ్లుగా ఆ పుస్తకాల దుమ్ము దులుపుతూ అక్షరం అక్షరం కూడబలుక్కున్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

ముందు సొలొమోను ప్రేమపాట పరమగీతం వచ్చింది. అది ఎంత అభ్యంతరకరమో తేల్చడానికి సభ్యులు రెండుసార్లు పైకి చదివారు. కోశాధికారి సందేహం తీరక మూడోసారి చదివించుకున్నాడు. సొలొమోను వెయ్యిమందిని ఉంచుకోవడం రాచకార్యమనీ, దావీదు ఊరియా అనే పరాయివాడి భార్యను పిలిపించుకోవడం చరిత్ర అనీ, ఆమె వెళ్లడం మాత్రం పాపమనీ అధ్యక్షులైన రిటైర్డు హెడ్మాస్టరుగారు విడమరిచి చెప్పారు. అందరూ రాసుకున్నారు.

చివరి అంశం ఆయమ్మ కూతురు. నడవడి కారణంగా ఆమె పేరు సభ్యుల జాబితాలోంచి కొట్టెయ్యాలి. మూల కూర్చుని అతికిస్తున్న ఆయమ్మ జిగురు పక్కన పెట్టింది. జాబితాలో పేరు లేనివాళ్లకు సమాధుల తోటలో చోటుండదు. మొగుడు అక్కడే ఉన్నాడు. రేపో మాపో తనూ అక్కడికే. పిల్ల ఒక్కతే గోడ అవతల.

"ఒక్క మాటండీ హెడ్మాస్టరుగారూ. మత్తయి మొదటి పేజీలో మామవల్ల బిడ్డను కన్న తామారు, వేశ్య రాహాబు, ఊరియా భార్య ఉన్నారు కదా. ప్రభువుకి నాయనమ్మల వరస. వాళ్లొస్తే మన తోటలో చోటిస్తారా?"

"నీకు చదవడం వచ్చా?"

"ఏదో కొంచెం. ఏం దాచాలో తెలియకుండా ఎలా దాస్తాను బాబూ?"

"ఆ పేజీ కూడా అతికించెయ్!"

"అతికిస్తే ప్రభువు ఎవరింటి బిడ్డో తెలీదు కదండీ. సరే, నా పేరూ కొట్టెయ్యండి. గోడ అవతల నా పిల్ల పక్కన నేనుంటాను. ఈ చర్చి తాళాలు ఎవరికివ్వమంటారు?"

పెద్దలు లెక్క వేసుకున్నారు. గంట కొట్టేదెవరు? బెంచీలు తుడిచేదెవరు? మరుగుదొడ్డి కడిగేదెవరు? వెంటనే వచనాలను పునఃపరిశీలించారు. పావుగంటలో మూలభాషలో దయ అనే అర్థం బయటపడింది. కూతురి పేరు జాబితాలో నిలిచింది, పెన్సిలుతో.

ఇంతకీ ఆ పిల్ల ఏం చేసిందో చెప్పనేలేదే అని మీరు ఇందాకటి నుంచి ఆగలేకపోతున్నారు. ఉపసంఘంలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దయచెయ్యండి.