పాలకూర తిన్న పులికూన

"గండూ! ఒరేయ్ గండూ! లేవరా, తనిఖీ మేడమ్ వచ్చేస్తున్నారు!"

పిలుస్తున్నది కుందేలు పిల్ల చేమంతి. పిలిచినా లేవలేక చెట్టుకి ఆనుకుని కూర్చున్నది పులికూన గండు.

ఇదంతా జరిగింది ఒక పెద్ద అడవిలో, ఏటి ఒడ్డున ఉన్న బడిలో. పొద్దుటి ఎండ ఆకుల సందుల్లోంచి జారి, పిల్లల వీపుల మీద బంగారు చుక్కలు పెట్టే చోటది. అంత అందమైన చోట ఎవరికైనా అబద్ధం చెప్పబుద్ధవుతుందా? అయింది. అందరికీ కలిసే అయింది.

రెండు నెలల కిందట పైనుంచి ఒక కాగితం వచ్చింది. "ఇకనుంచి పోషణ పాఠాలు పెద్దలు చెప్పరాదు. పిల్లలకు పిల్లలే చెప్పుకోవాలి."

హెడ్మాస్టరు ఎలుగుబంటి గారికి ఒక పని తగ్గింది. ఆయన సంబరంగా పోషణ కమిటీకి ఎన్నికలు పెట్టారు. బడిలో గడ్డి తినేవాళ్ళే ఎక్కువ కాబట్టి ఐదుగురు సభ్యులూ వాళ్ళే అయ్యారు. చేమంతి లీడరైంది.

కమిటీ ఒక్క పూటలో పాఠం రాసేసింది. "ఆకు తింటే ఆయుష్షు. గరిక తింటే గుండెబలం. మాంసం తింటే మందబుద్ధి."

అందరూ వల్లె వేశారు. నమ్మింది మాత్రం గండు ఒక్కడే.

చేమంతి గొంతు అలాంటిది మరి. వాన వెలిశాక ఆకు చివరి నుంచి చుక్కలు రాలుతున్నట్టు ఉండేది. "గండూ, ఈ పాలకూర తిను, నీకు మంచిది" అని ఆమె అంటే, వాడు పాలకూరతో పాటు ఆ మాటను కూడా కళ్ళు మూసుకుని నమిలేవాడు. వాళ్ళమ్మ కట్టిచ్చిన మాంసం క్యారేజీని మూత తీయకుండా ఏట్లో పారబోసేవాడు. రెండు నెలలకి ఎంత చిక్కిపోయాడంటే, ఒంటి మీది చారలు వదులై జారిపోతాయేమో అనిపించేది.

"లీడరూ, కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు గండు.

"తనిఖీ అవగానే పడుకుందువు గాని. లే" అంది చేమంతి. అంటూనే వాడి భుజం కింద తన భుజం పెట్టింది.

ఎలుగుబంటి గారు రొప్పుతూ వచ్చారు. "కొంప మునిగింది! తూకం కూడా వేస్తారట. వీడు మొదట్లో ఎంత తూగాడు?"

"నాలుగు బండరాళ్ళండీ."

"ఇప్పుడు?"

"రెండున్నర."

ఆయన తల గోక్కున్నారు. లోపలికి పోయి 'ఆదర్శ విద్యార్థి' అని రాసిన వెడల్పాటి ఎర్ర పట్టీ తెచ్చారు. దాని మడతల్లో ఏటి గులకరాళ్ళు దండిగా పోసి, గండు నడుముకి బిగించి కట్టారు.

"సార్, వాడు నిలబడలేడండీ!"

"నిలబడక్కర్లేదమ్మా, తూగితే చాలు."

ఇంతలో తనిఖీ మేడమ్ కొంగమ్మ గారు ఫారం పట్టుకుని దిగారు.

"మాంసకృత్తులు దేంట్లో ఉంటాయి?"

"చిక్కుళ్ళలో!" బడంతా ఒకే గొంతుతో అరిచింది.

"బాబూ పులీ, నువ్వు చెప్పు. నిన్న ఏం తిన్నావు?"

"పాలకూర మేడమ్."

"మొన్న?"

"అదే పాలకూర. మిగిలితే నిన్న తిన్నాను."

"శభాష్! పులి చేత పాలకూర తినిపించారే!" కొంగమ్మ గారు మురిసిపోయి, కాసేపు విరామం ఇచ్చి, ఏట్లో రెండు చేపలు మింగి వచ్చారు. "డ్యూటీలో తిన్నది లెక్కలోకి రాదు" అన్నారు, ఎవరూ అడగకపోయినా.

తూకం వేశారు. ఐదు బండరాళ్ళు! హెడ్మాస్టరు గారి చేయి కాస్త ఉదారంగా పడినట్టుంది.

"అద్భుతం! ఈ బాబుని ఏడాది పాటు పన్నెండు బడులకు తిప్పుతాం. వేదికలెక్కి ఆకులు తిని చూపిస్తాడు. ఇంత బలమైన తిండి పిల్లలకేనా? సిబ్బందికి కూడా పెట్టాలి. హెడ్మాస్టరు గారూ, రేపటి నుంచి మీరు తేనె మానేసి పాలకూర తినండి."

ఎలుగుబంటి గారి మొహం పాలిపోయింది. "తేనె పువ్వులోంచే కదా మేడమ్ వచ్చేది, అదీ ఆకుకి చుట్టమే..."

"చుట్టాలొద్దు."

చప్పట్లు మోగాయి. గండు నవ్వబోయి దబ్బున కూలిపోయాడు. పట్టీ చిరిగి గులకరాళ్ళు గలగలా దొర్లాయి.

"ఇవేమిటి?"

"వీడికి... కిడ్నీలో రాళ్ళండీ" అన్నారు ఎలుగుబంటి గారు.

కొంగమ్మ గారు ఫారం తిరగేశారు. "జబ్బులకి వేరే ఫారం ఉంది. ఇందులో గడి లేదు. ఆఖరి ప్రశ్న ఒక్కటే మిగిలింది. కార్యక్రమం లక్ష్యం ఏమిటి, అది నెరవేరిందా? లీడరు చెప్పాలి. త్వరగా చెప్పమ్మా, బాబుని బండెక్కించాలి."

"బాలల ఆరోగ్యం అను" అని గుసగుసలాడారు ఎలుగుబంటి గారు.

చేమంతి గండు తలని ఒళ్ళో పెట్టుకుంది. వాడి ముక్కు ఆమె ముంజేతికి తగులుతోంది. వాడి కడుపులోంచి ఏదో ఉరిమినట్టు చప్పుడు వచ్చింది. వాడు తేనెరంగు కళ్ళు సగం తెరిచి, "చెప్పు లీడరూ, ఫస్టు ప్రైజు నీదే" అన్నాడు.

చేమంతి వెనక్కి జరగలేదు.

"మేడమ్, ముందు వీడికి మాంసం పెట్టించండి. నా పక్క బెంచీలో పులి కూర్చుందని భయమేసి రాసిన పాఠమండీ అది. వాడు నన్ను తినకూడదు, అదొక్కటే మా లక్ష్యం. నూటికి నూరు శాతం నెరవేరిందని రాసుకోండి."